లోపలి ఆకు మీద బూడిద

ఈ ఉదయం కిటికీ దగ్గర మొక్క ముంత జరుపుతుంటే నా బొటనవేలు ఆకుకు తగిలింది. చూసుకుంటే వేలికొసన పలచగా బూడిదరంగు పొడి. రెండు వేళ్ల మధ్య రాస్తే మెత్తగా, చల్లగా, ఏ వాసనా లేకుండా జారిపోయింది. ఆకు మీద మాత్రం నా వేలిముద్ర ఆకుపచ్చగా తేలి నిలిచింది. కళ్లజోడు లేకుండా నాకు ఈ మధ్య అక్షరాలు కూడా ఆనవు, కాని ఆ ముద్ర ఆనింది. దాన్నే చూస్తూ నిలబడితే, అరవైల నాటి నాచారంలో ఒక తూర్పు కిటికీ, దాని గూట్లో ఒక మట్టి ముంత, ముంతలో రాతిరంగు పువ్వులాంటి మొక్క, ఆ వెనక చెరువు మీంచి లేస్తున్న తెల్లటి మంచు, ఒకదాని వెంట ఒకటి తేలి వచ్చాయి. వాటన్నిటి వెనక, చేతులు వీపు మీద కట్టుకుని, రాజలింగం సార్.

ఆయన పేరు మీరు విని ఉండరు. ఆయన పుస్తకం రాయలేదు, వేదిక ఎక్కలేదు. ఉప్పల్‌లో పటాలు గీసే ఒక కార్యాలయంలో మా గదికి పెద్ద, అంతే. బక్కపలచని మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉండేవి, కుడిచేతి మధ్యవేలి మీద ఎన్నిసార్లు కడిగినా పోని సిరామచ్చ ఉండేది. కొండలూ వాగులూ తిరిగి కొలిచినవాళ్లు తెచ్చిన లెక్కలను మేము ముందు పెన్సిలుతో, తరవాత నల్లసిరాతో కాగితం మీదకు దించేవాళ్లం. ఒక వాగు ఎక్కడ వంపు తిరగాలో, ఒక గుట్ట వాలు ఎక్కడ మొదలవ్వాలో ఆయన చూసి తలూపితేనే కాగితం ముందుకు కదిలేది.

నేను కృష్ణా తీరంలోని ఒక చిన్న పట్నం నుంచి ఇరవై రెండేళ్ల వయసులో ఆ ఉద్యోగానికి వచ్చాను. మా ఊరి సంస్కరణ సంఘంలో వాదాలు విని పెరిగినవాణ్ణి. కులం, జాతకం, మహిమలు, ముహూర్తాలు, ఏ విషయం ఇచ్చి నిలబెట్టినా గంటసేపు నిప్పులు చెరిగేవాణ్ణి. ఎదుటివాడు నోరు తెరవకముందే అతను ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయేది. అలా తెలిసిపోవడమే తెలివి అనుకునేవాణ్ణి. ఆనాడు నమ్మినవి ఇప్పటికీ నమ్ముతాను. మనిషిని మనిషి ముట్టుకోకూడదని చెప్పే శాస్త్రం శాస్త్రం కాదు. భయపెట్టి మొక్కించుకునేది ఏదైనా మొక్కదగింది కాదు. ఈ మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను. కాని ఆ మాటలు పట్టుకుని నడవడానికి ఒక పద్ధతి ఉందని నాకు రాజలింగం సార్ కిటికీలో, ఆ మొక్క దగ్గర తెలిసింది. తెలిసేలోపు మొక్క నా చేతిలో చచ్చిపోయింది.

ఉద్యోగంలో చేరిన మొదటి శనివారం సార్ తన సైకిలు బుట్టలోంచి మొక్క ఉన్న ఒక ముంత తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. పక్కన కాగితం, పెన్సిలు.

"గీయి," అన్నారు.

నాకది పరీక్ష అని అర్థమైంది. పది నిమిషాల్లో గీసి ఇచ్చాను. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు.

"మంచిగుంది. తామరపువ్వు. ఏ గుళ్లె సూసినవ్?"

"నేను గుడికి వెళ్లనండి," అన్నాను రోషంగా. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి గీ పువ్వు యాడికెళ్లి వచ్చింది? ముంతల ఉన్నది గిది కాదు గద. ఎన్ని రేకులు గీసినవ్?"

"ఎనిమిది."

"ముంతల ఎన్ని ఆకులున్నయో లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు. నా ముఖం చూసి ఆయన గొంతు తగ్గించారు. "సూసింది గీయాలె, లెక్చర్ సాబ్. అనుకున్నది గీస్తే, రేపు గా పటం పట్టుకొని పోయెటోడు బాయిల పడ్తడు." నా వాదాల సంగతి అప్పటికే ఆయన దాకా వెళ్లిందన్నమాట. ఆ పేరు నాకు కార్యాలయంలో అలాగే స్థిరపడిపోయింది.

తరవాత కొన్ని నెలలకు ఆయన ఇంటి పక్కగదిలోకి మకాం మార్చాను. భోజనం వాళ్లింట్లోనే. ఇల్లు నాచారం చెరువుకు ఇవతల ఉండేది. అప్పటికింకా అక్కడ బండల మధ్య మేకలు తిరిగేవి. కొత్తగా లేస్తున్న కార్ఖానాల రేకుల షెడ్లు దూరంగా మెరిసేవి. పొద్దున్నే ఒక కూత వినిపించి, మంచులో కరిగిపోయేది. గుట్టల మీద బండలు ఒకదానిమీద ఒకటి, పిల్లలెవరో ఆడుకుంటూ మధ్యలో వదిలేసి వెళ్లినట్టు నిలబడి ఉండేవి. ఒంటిపూట శనివారాల మధ్యాహ్నం తిండి అయ్యాక సార్ కిటికీ ముందు చాప వేసేవారు. నేను ఆ మొక్కను మళ్లీ గీసేవాణ్ణి. అది ఆయన నేర్పే పద్ధతి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అదే మొక్కను, చెయ్యి కుదురుకునేదాకా, వారం వారం గీయాలి. నా చెయ్యి కుదరడానికి మూడేళ్లు పట్టింది. మిగతావాళ్లు ఆరునెలల్లో బయటపడేవాళ్లు.

ఒకప్పుడు కొలతల బృందంతో నీలగిరులకు వెళ్లినప్పుడు, పాత బంగళా తోటమాలి ఒకతను ఆయనకు ఒక ఆకు ఇచ్చాడట. జేబులో వేసుకుని తెచ్చిన ఆ ఒక్క ఆకు నుంచి ఈ మొక్క. దాని పుస్తకాల పేరు ఎచివేరియా అని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. సార్ ఆకుపువ్వు అనేవారు. చూడటానికి విచ్చుకున్న పువ్వే గాని అన్నీ ఆకులు. మందంగా, చెమ్చాల్లా గుంటపడి, నడుమ ముడుచుకున్న మొగ్గలాంటి చోటు నుంచి వరసలు వరసలుగా బయటికి తిరుగుతూ ఉండేవి. ఏ ఆకూ కింది ఆకు మీద సరిగ్గా కూర్చోదు. కొంచెం పక్కకు జరిగి దానికి వెలుతురు వదులుతుంది. ఇది నాకు ఏడాది గీసిన తరవాత కనిపించింది. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ కాలం ఆగినట్టుంటుంది. పెన్సిలు కాగితం మీద గీసుకునే చప్పుడు, చెరువు మీంచి వచ్చే తడిగాలి, గోనెతెర సందుల్లోంచి పడే ఎండ చుక్కలు ఆకు నుంచి ఆకుకు మెల్లగా నడవడం.

ఆయన దాన్ని పెంచే తీరు కూడా గీత గీసినట్టే ఉండేది. నాగోల్ దగ్గర మూసీ ఇసుక, దంచిన ఇటుక, గుప్పెడు చివికిన ఎరువు, ఇవే దాని మన్ను. ముంత అడుగున మేకుతో పొడిచిన చిల్లు. నీళ్లు పోసేముందు ముంతను అరచేతిలో ఎత్తి బరువు చూసేవారు. తేలిగ్గా తోస్తేనే, అదీ అంచు వెంట, చిన్న గ్లాసుతో. నడుమ ఒక్క చుక్క పడినా కాగితం మూల మెలిపెట్టి పీల్చేసేవారు. ముసురు పట్టినన్నాళ్లూ నీళ్లే లేవు. ఆదివారం పొద్దున ముంతను పావువంతు తిప్పేవారు, లేకపోతే మొక్క వెలుతురుకు మెడ సాచి ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎండ ముదరగానే గోనెతెర దించేవారు. వీటన్నిటికీ ఆయన కారణం చెప్పేవారు. ఒక్కదానికి మాత్రం చెప్పలేదు.

"ఆకు మీద చెయ్యి పెట్టకు."

"ఎందుకండీ?"

"నువ్వే కనుక్కో. కండ్లున్నయి గద."

అక్కడే నాలోని వక్త లేచి కూర్చున్నాడు. కారణం చెప్పకుండా ముట్టుకోవద్దు అంటే ఏమిటి? అది మడి. ఎన్ని ఇళ్లలో, ఎన్ని బావుల దగ్గర ఆ మాట విన్నాను నేను! మొక్కల్లో కూడా మొదలుపెట్టారా? ఈ అనుమానం గట్టిపడటానికి ఇంట్లో ఇంకొకటి తోడైంది. సార్ తల్లి. ఆమెను ఆయనా, నేనూ, వీధివీధంతా అవ్వ అనే పిలిచేవాళ్లం. సార్ పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఉన్నది ఆ తల్లీకొడుకులే. అవ్వ కళ్లకు పొర కమ్మింది. పొద్దున్నే తూర్పు కిటికీ దగ్గర నిలబడి, గూట్లో మొక్క పక్కనే పెట్టుకున్న విభూతి డబ్బా తెరిచి, నొసట మూడు గీతలు దిద్దుకుని, ఎండకూ మొక్కకూ కలిపి ఒకే దండం పెట్టేది. మొక్కను శివయ్య పువ్వు అనేది. ఆ మొక్క ఆకులన్నిటి మీదా బూడిదరంగు పొడి. దాని పక్కనే బూడిద డబ్బా. ఇంకా నాకు ఎవరు ఏం చెప్పాలి?

నాచారంలో కూడా నేను మా ఊరిలాంటి సంస్కరణ సంఘంలోనే చేరాను. అవ్వకు నేనంటే వేళాకోళం. అన్నం పెడుతూ అడిగేది:

"ఏం బిడ్డా, మీ సంఘంల ఏం తేల్చిన్రు ఇయ్యాల? దేవుడున్నడా, లేడా?"

"అది ఎప్పుడో తేలిందవ్వా. లేడు."

"గట్లనా. మరి లేనోని మీద దినాం గంత లొల్లి ఎందుకు?"

సార్ తల దించుకుని పప్పు కలుపుకునేవారు. ఆయన భుజాలు కదులుతుండేవి.

మూడో ఏడు ఎండలు ముదిరే రోజుల్లో సార్ ఒక పటం సరిచూడటానికి భువనగిరి వైపు ఎనిమిది రోజులకు వెళ్లారు. ఆ వారంలోనే నాచారంలోని మా సంఘం చదువుల గదిలో మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం. సార్ బయల్దేరిన మర్నాటి పొద్దున కిటికీ దగ్గర నిలబడి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఎదురుగా మొక్క, ఒళ్లంతా బూడిదతో. జాలి కలిగింది దాని మీద. నిజంగా జాలే. ఊపిరాడకుండా పూసేశారనిపించింది. జేబురుమాలు తడిపి, అందిన ఒక్కొక్క ఆకునూ వేలితో పట్టి, మొదలు నుంచి కొసదాకా తుడిచాను. ఆకు కింద ఆకు, వరస కింద వరస. బూడిద కింద నుంచి నిగనిగలాడే ఆకుపచ్చ బయటపడింది, కొసల్లో లేత గులాబి. ఎంత అందంగా ఉందో! మిగిలినదంతా కొట్టుకుపోవాలని నడుమన చెంబెడు నీళ్లు పోశాను. ఆరడానికి ప్రహరీగోడ మీద ఎండలో పెట్టి సైకిలెక్కాను. సాయంత్రం తిరిగొచ్చి గూట్లో పెట్టేశాను.

మర్నాటి సాయంత్రం ఉపన్యాసంలో నేను దాని గురించే చెప్పాను. పేరు చెప్పలేదు. "మనుషుల నొసళ్లు చాలక మొక్కలకు కూడా విభూతి పూసే ఇళ్లున్నాయి ఈ నాచారంలో," అన్నాను. గది అదిరేలా నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో తియ్యగా మోగుతుండగా, గాల్లో తేలుతున్నట్టు ఇంటికి వచ్చాను. నేను అన్న ఇల్లు ఏదో నవ్విన వాళ్లలో సగం మందికి తెలుసు.

సార్ తిరిగి వచ్చేసరికి మొక్క ఆకుల మీద గోధుమరంగు కాలిన చారలు. నడుమ మొగ్గ నల్లబడి మెత్తగా దిగిపోయింది. ఆయన సంచి భుజాన ఉండగానే ముంతను ఎత్తి, బరువు చూసి, కిటికీ వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశారు. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "అవ్వనే పోసుంటది అభిషేకం. కండ్లు గానరావు గద, పాపం," అంది. అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేనే పోసిన్నేమో కొడుకా," అంది. "మొన్న సోమారం శివయ్యకు నీళ్లు పోసిన యాదికున్నది. గీడనే పోసిన్నేమో. నాకు మతి కుదురుగ లేదు."

"నువ్వు గాదు అవ్వా," అన్నారు సార్.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. వందమంది ఎదుట తెరుచుకునే నోరు ఇద్దరి ముందు ఎందుకు తెరుచుకోలేదో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. బూడిద పూసిన మూఢత్వాన్ని నేను తుడిచాను, మొక్క చచ్చింది. ఒప్పుకుంటే నా వాదం ఓడిపోతుంది. అంత చిన్న సంగతి.

అవ్వ విభూతి డబ్బాను గూట్లోంచి తీసి వంటింటి అటక మీద పెట్టేసింది. కిటికీ దగ్గరకు రావడం మానేసింది. మర్నాడు పొయ్యి వెలిగించలేదు. "మతి లేనిదాన్ని, ఇల్లు కాలబెడ్తనేమో. నాతోని వద్దు బిడ్డా," అని వెనక వసారాలో కూర్చుంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఒక్కపూట కూడా వేరేవాళ్లు వండలేదు. సార్ కార్యాలయానికి వెళ్లేముందు తనే అన్నం వండి, అడుగు మాడ్చి, మూడు కంచాల్లో పెట్టేవారు. ఆ మాడిన అన్నం ఆరు రోజులు తిన్నాను. రోజూ అవ్వ తన వేళ్లను తనే లెక్కపెట్టుకుంటూ గొణిగేది. ఇయ్యాల ఏ వారం, నిన్న ఏం కూర, మొన్న ఎవలొచ్చిన్రు. తన మతి ఎంత మిగిలిందో చూసుకుంటోందని నాకు అర్థమయ్యేది. అర్థమయ్యీ కంచం కడుక్కుని నా గదికి వెళ్లిపోయేవాణ్ణి.

శనివారం వచ్చింది. సార్ చాప వేశారు. చచ్చిన మొక్కను నా ముందు పెట్టారు.

"గీయి."

"ఇదా సార్?"

"గిదే. ఉన్నది ఉన్నట్టు."

పై వరస ఆకుతో మొదలుపెట్టాను. పెన్సిలు చార వెంట కదిలింది. చార మొదలు దగ్గర ఎడమవైపు సన్నగా పుట్టి, కుడికి ఒంపు తిరిగి, కొసకు వెళ్లేసరికి వెడల్పయింది. రెండో ఆకు మీదా అంతే. పోసిన నీళ్లు ఇలాంటి గుర్తు వదలవు. నీళ్లు పల్లానికి పోతాయి, గుంటలో నిలుస్తాయి. ఇవి తుడిచిన గుర్తులు. పొడి లేచిపోయిన చోటల్లా ఎండకు కాలిపోయింది. మూడో ఆకు దగ్గరికి వచ్చేసరికి నా పెన్సిలు ఏ దారిలో పోతోందో నా వేళ్లకు గుర్తొచ్చింది. అదే దారిలో అవి ఇంతకుముందు ఒకసారి పోయాయి, తడి రుమాలుతో. పెన్సిలు కింద పెట్టేశాను.

"సార్, ఇది అవ్వ చెయ్యలేదు."

"ఎరుకే."

"నేను..."

"గది గూడ ఎరుకే. మూడేండ్ల సంది నీ గీతలు సూస్తున్న. ఎడమ దిక్కు పట్టి కుడికి గుంజుతవ్, కొసకు ఒత్తుతవ్. వాగు గీసినా గంతే, ఆకు తుడిసినా గంతే."

"మరి నన్ను అడగలేదేమండీ?"

"అడిగితె వాదం జేస్తవ్. నీతోని వాదంల ఎవలు గెలుస్తరు?"

ఆ మాటలో కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి. లేదు. కిటికీలోంచి చెరువును చూస్తూ అన్నారు. "అవ్వకు నాలుగుసార్లు చెప్పిన, నువ్వు గాదని. కొడుకు గనక నా మనసు నొయ్యద్దని చెప్తుండు, అంటది. నువ్వు పోయి చెప్పు."

వసారాలో అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"అవ్వా, మొక్కకు నీళ్లు పోసింది మీరు కాదు. నేను. తుడిచిందీ నేనే."

చేతులు ఆగాయి. "నన్ను ఊకోబెట్టనీకె చెప్తలేవు గద? నీకు అబద్ధం చెప్పుడు రాదంటరు అందరు."

"వచ్చవ్వా. ఆరు రోజుల నుంచి చెప్తూనే ఉన్నాను, నోరు తెరవకుండా."

పొరకమ్మిన ఆ కళ్లు నా ముఖం కోసం వెతికాయి. చింతపండు చేట పక్కకు నెట్టి, గోడ పట్టుకుని లేచి, సరాసరి వంటింట్లోకి నడిచింది. అగ్గిపెట్టె గీసిన చప్పుడు వినిపించింది.

"అయితె నా మతి యాడికి పోలే!" అంది లోపల్నుంచి. గొంతు పెరిగింది. "గాడిది కొడుకా! ఆరు దినాలు మాడిన బువ్వ తినిపిస్తివి నా కొడుకుతోని! ఎందుకు తుడిసినవ్ర దాన్ని?"

"మీరు విభూతి పూశారనుకున్నాను."

అవ్వ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్లంతా ఊగేలా నవ్వింది. "ఆకుకా? పిచ్చోడా, శ్రీశైలం పోయినోళ్లు ఏడాదికోసారి తెచ్చిస్తే నా నొసటికే సాలుత లేదు. ఆకుకు పూస్తనా?"

"మరి అదేమిటి?"

గుమ్మం దగ్గర నిలబడిన సార్ అన్నారు: "గది నువ్వే కనుక్కో అన్న గద. ఇంక కొన్ని ఆకులు మంచిగనే ఉన్నయి."

పై ఆకుల చాటున, అడుగు వరసలో నా రుమాలు చేరని ఆకులు పదకొండు మిగిలాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ మొదలు దాకా పట్టి, అటూ ఇటూ మెల్లగా కదిపి, చిరగకుండా ఊడదీశారు. పనికిరాని పటం కాగితం వెనక్కి తిప్పి, దానిమీద వరసగా పరిచి, గూట్లో నీడన పెట్టారు. మన్ను లేదు, నీళ్లు లేవు. ముందు తెగిన చోటు ఎండి మూతపడాలి, తడిస్తే కుళ్లుతుంది. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగాను. "ఏం జెయ్యకు. సూడు," అన్నారు. నా జీవితంలో నాకు అప్పజెప్పిన పనుల్లో అంత కష్టమైనది ఇంకొకటి లేదు. అవ్వ తన డబ్బాతో మళ్లీ కిటికీ దగ్గరకు వచ్చింది. రోజూ పొద్దున ఆమెకు కనిపించనిది నేను చూసి చెప్పాలి.

"ఇయ్యాల ఏమన్న ఉన్నదా?"

"లేదవ్వా."

"మంచిగ సూసినవా?"

అలా మూడు వారాలు. ఆ పొద్దులన్నీ ఇప్పుడు ఒకే పొద్దులా కలిసిపోయాయి. చెరువు మీద వెలుతురు, అవ్వ పక్కన విభూతి వాసన, కాగితం మీద ఆకులు ఏ నదీ లేని పటంలో తెప్పల్లా. ఎనిమిది ఆకులు ఒక్కొక్కటే వడలి పోయాయి. మిగిలిన మూడింటి తెగిన కొసల నుంచి ఒకనాడు దారం కంటే సన్నటి గులాబిరంగు వేళ్లు గాలిలోకి వచ్చాయి. ఇంకొన్నాళ్లకు వేళ్ల పక్కన నువ్వుగింజంత ఏదో లేచింది. సార్ తన భూతద్దం నా చేతికిచ్చి పక్కకు తప్పుకున్నారు.

అద్దంలో ఒక మొక్క. అయిదు ఆకులతో, నడుమ ముడుచుకున్న మొగ్గతో, ఏ ఆకూ ఇంకో ఆకుకు అడ్డం లేకుండా. ఎవరూ ముట్టుకోలేదు దాన్ని. ఒక్క చుక్క నీరు పడలేదు దాని మీద. ఆ అయిదు ఆకుల మీదా, ఇంకా విచ్చుకోని లోపలి ఆకు కొస మీద కూడా, తెల్లటి బూడిద.

"ఎవలు పూసిన్రు?" అన్నారు సార్, వెనకనుంచి, మెల్లగా.

నేను అద్దాన్ని ఇంకా దగ్గరగా జరిపాను. మూడేళ్లపాటు వారం వారం ఆ మొక్కను గీశాను. ప్రతి నెలా లోపల నుంచి ఒక కొత్త ఆకు బూడిదతోనే బయటికి వచ్చింది. మూసిన పిడికిలిలాంటి ఆ మొగ్గలోకి ఏ అవ్వ వేలు దూరుతుంది? నన్ను నేను ఒక్కసారి ప్రశ్నించుకుని ఉంటే తెలిసేది. అది మొక్క తనకు తాను కప్పుకునే మైనం, ఎండకూ తడికీ అడ్డం. ఒకసారి తుడిస్తే ఆ ఆకుకు మళ్లీ రాదు. నేను ఆకులు లెక్కపెట్టడం నేర్చుకున్నాను గాని, నాకు ముందే తెలిసిన సంగతిని అనుమానించడం నేర్చుకోలేదు. మూఢనమ్మకం అంటే అంతకంటే ఏముంది?

"శివయ్యే పూసిండు," అంది అవ్వ సంబరంగా. నేను వాదించలేదు. ఒప్పుకోనూ లేదు. ఆమె అది కనిపెట్టి, "ఏంది, నోట్లె నాలిక లేదా ఇయ్యాల?" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది.

తరవాతి సమావేశంలో లేచి నిలబడి, పోయినసారి చెప్పిన మొక్క కథ తప్పని, తెలుసుకోకుండా చెప్పానని, ఆ తప్పు వల్ల ఒక పెద్దావిడ తన మతినే అనుమానించుకుందని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. సంఘం కార్యదర్శి నన్ను పక్కకు లాగి, "ఇలాంటివి చెప్తే మన పక్షం పలచబడుతుందయ్యా," అన్నాడు. "నిజం చెప్తే పలచబడే పక్షం నిలబడేంత గట్టిది కాదన్నమాట," అన్నాను. ఆ మాట బాగుందని నాకు అప్పుడే అనిపించింది. ఆ అనిపించడాన్ని కూడా సార్ పట్టుకునేవారే. అదృష్టం, ఆయన అక్కడ లేరు.

అవ్వ మరి నాలుగేళ్లకు పోయింది. చివరి రోజు దాకా పొయ్యి ఆమె చేతిలోనే ఉంది. డెబ్బైల నడుమ సార్ ఉద్యోగం ముగించి తన ఊరికి వెళ్లిపోతూ, పటాలకు నకలు తీసే పాత ట్రేసింగు గుడ్డ ముక్కలో చుట్టిన ఒక ఆకును నాకిచ్చారు. ఏమైనా చెప్తారేమోనని చూశాను. "మెల్లగ పో," అన్నారు. ఆ తరవాత రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింట్లోనూ మొక్క ఎట్లుంది అన్నదే ప్రశ్న. మూడోది ఆయన దగ్గరి బంధువు రాశాడు.

నా కిటికీలో ఇప్పుడున్నది ఆ ఆకు సంతానం. ఎన్ని తరాలో లెక్క తప్పాను. ప్రతిసారీ పిల్ల మొక్క పెరిగేకొద్దీ తల్లి ఆకు ముడతలు పడి, పలచబడి, చివరికి కాగితంలా రాలిపోతుంది. ఈ యాభై ఏళ్లలో నేను ఎన్నో రాశాను, ఎందరి మీదనో విరుచుకుపడ్డాను. విరుచుకుపడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఈ పొద్దున కూడా బల్ల మీద సగం రాసిన వ్యాసం ఉంది. బోడుప్పల్‌లో ఒక ఇంటి గోడ మీద నీరు దానంతటదే కారుతోందట, జనం బిందెలతో వరస కట్టారట. మోసం అని రాసేశాను. మోసమే అయి ఉంటుంది. కాని ఆ గోడను నేను చూడలేదు.

వ్యాసం పక్కన పెట్టి, చెప్పులేసుకుని, గొడుగు తీసుకున్నాను. బయల్దేరేముందు ముంతను పావువంతు తిప్పాను. నా వేలిముద్ర పడిన ఆకు గది వైపుకు వచ్చింది. అది రాలిపోయేదాకా ఆ ముద్ర అలాగే ఉంటుంది. బల్ల దగ్గర కూర్చుంటే ఎదురుగా కనిపిస్తుంది.